న్యూట్రాన్ తార జంటల్లో ఎక్స్-కిరణ ప్రకాశ మార్పులు

నిర్వచనం, పరిధి

ఒక న్యూట్రాన్ తార, దానికి తోడుగా మరో తార ఒకే ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతూ, తోడు తార నుంచి జారిన వాయువు న్యూట్రాన్ తార మీద పడుతూ ఉంటే ఆ వ్యవస్థను ఎక్స్-కిరణ జంట అంటారు. పడే వాయువు కోట్ల డిగ్రీల వేడికి చేరి ఎక్స్-కిరణాలను వెలువరిస్తుంది. ఆ ప్రకాశం ఎప్పుడూ నిలకడగా ఉండదు. సెకనులో వెయ్యో వంతు నుంచి దశాబ్దాల వరకు రకరకాల కాలవ్యవధుల్లో అది హెచ్చుతగ్గులకు లోనవుతుంది. ఆ హెచ్చుతగ్గులను, వాటి కారణాలను, వాటి నుంచి ఏమి తెలుసుకోవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది. కృష్ణబిలాలున్న ఎక్స్-కిరణ జంటలను పోలిక అవసరమైన చోట మాత్రమే ప్రస్తావిస్తుంది.

ఈ జంటలు వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటాయి. ఎంత పెద్ద దూరదర్శినికైనా తోడు తార, న్యూట్రాన్ తార, వాటి మధ్య సుడి తిరిగే వాయువు అన్నీ కలిసి ఒకే చుక్కగా కనిపిస్తాయి. కాబట్టి పరిశీలకుడి చేతికి వచ్చేది బొమ్మ కాదు, ఫోటాన్ల జాబితా. ఏ ఫోటాన్ ఏ క్షణాన వచ్చింది, ఎంత శక్తితో వచ్చింది అన్నవే అందులో ప్రధానాంశాలు. ఈ కారణంగా ప్రకాశ మార్పు ఇక్కడ కొలతను చెడగొట్టే గోల కాదు, కొలతకు మూలాధారం. ఈ మార్పులను ఏ క్రమంలో చదవాలన్నదానిపై ఈ వ్యాసం ఒక స్పష్టమైన వాదన చేస్తుంది. ప్రకాశం ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నది చివర అడగవలసిన ప్రశ్న. ఆ మార్పు ఏ గడియారాన్ని అనుసరిస్తోంది, ఆ గడియారం ఎంత ఖచ్చితమైనది అన్నది మొదటి ప్రశ్న. తక్కువ శక్తి, ఎక్కువ శక్తి కిరణాలు ఒకే తీరున మారుతున్నాయా అన్నది రెండోది. ఈ క్రమం తప్పితే, మనకు కనిపించడం తగ్గిన వెలుగును పుట్టడం తగ్గిన వెలుగుగా పొరబడే ప్రమాదం ఉంది.

వెలుగు పుట్టుక (చూ. గురుత్వాకర్షణ, న్యూట్రాన్ తార)

సూర్యుడికి సుమారు 1.4 రెట్ల ద్రవ్యరాశి 10 నుంచి 13 కిలోమీటర్ల వ్యాసార్ధంలో ఇమిడిన వస్తువు న్యూట్రాన్ తార. దాని గురుత్వం ఎంత తీవ్రమంటే, ఒక గ్రాము వాయువు దాని ఉపరితలం చేరేసరికి దాదాపు 2×10²⁰ ఎర్గుల శక్తి విడుదలవుతుంది. అదే గ్రాము హైడ్రోజన్ కేంద్రక సంలీనం చెంది హీలియంగా మారితే వచ్చేది 6×10¹⁸ ఎర్గులు మాత్రమే. పడటం వల్ల వచ్చే శక్తి మండటం వల్ల వచ్చే శక్తికి సుమారు ముప్ఫై రెట్లన్నమాట. ఈ నిష్పత్తి తర్వాత విస్ఫోటనాల చర్చలో నిర్ణాయకం అవుతుంది.

ఈ వెలుగుకు ఒక పైహద్దు ఉంది. ప్రకాశం మరీ పెరిగితే వెలుగు తోపిడి గురుత్వపు లాగుడుకు సమానమై, పడే వాయువును ఆపేస్తుంది. ఎడింగ్టన్ పేరుతో పిలిచే ఈ హద్దు 1.4 సౌర ద్రవ్యరాశి గల తారకు సెకనుకు సుమారు 2×10³⁸ ఎర్గులు, అంటే దాదాపు యాభై వేల సూర్యుల వెలుగు. సెకనుకు 10¹⁸ గ్రాముల వాయువు పడితే ఈ హద్దు చేరుతుంది.

వాయువు చేరే దారులు రెండు. తోడు తార భారీదైతే దాని నుంచి వీచే తారా పవనంలో కొంత భాగాన్ని, లేదా దాని నడుము చుట్టూ ఉండే వాయు వలయంలో కొంత భాగాన్ని న్యూట్రాన్ తార పట్టుకుంటుంది. తోడు తార చిన్నదైతే అది తన గురుత్వ పరిధిని నింపుకుని, పొర్లిన వాయువును ఒక సన్నని ధారగా ఇస్తుంది. ఆ ధార నేరుగా పడదు. కోణీయ ద్రవ్యవేగం ఉన్నందున పళ్ళెంలా పరుచుకుని, స్నిగ్ధత వల్ల మెల్లగా లోపలికి జారుతుంది. దీన్నే అక్రీషన్ డిస్క్ అంటారు. భారీ తోడున్న జంటల్లోని న్యూట్రాన్ తారలు వయసులో చిన్నవి, వాటి అయస్కాంత క్షేత్రం సుమారు 10¹² గాస్. చిన్న తోడున్న జంటలు చాలావరకు పాతవి, వాటిలో క్షేత్రం 10⁸–10⁹ గాస్ స్థాయికి పడిపోయి ఉంటుంది. కొన్ని మినహాయింపులు ఉన్నా, ప్రకాశ మార్పుల రకాల్లో కనిపించే తేడాలకు ఈ రెండు వర్గాల మధ్య ఉన్న అయస్కాంత భేదమే పెద్ద కారణం.

చరిత్ర

వాతావరణం ఎక్స్-కిరణాలను పూర్తిగా మింగేస్తుంది కాబట్టి ఈ శాస్త్రం రాకెట్లతో మొదలైంది. 1962 జూన్‌లో రికార్డో జియకోనీ బృందం అమెరికాలోని వైట్ సాండ్స్ నుంచి పంపిన చిన్న రాకెట్ చంద్రుడి నుంచి వచ్చే ఎక్స్-కిరణాల కోసం వెతికింది. దొరికింది మాత్రం వృశ్చిక రాశి దిక్కున ఎవరూ ఊహించనంత ప్రకాశవంతమైన మూలం, స్కార్పియస్ ఎక్స్-1. అది వాయువు పడుతున్న న్యూట్రాన్ తార అయి ఉండాలని 1967లో సోవియట్ శాస్త్రవేత్త ష్క్లోవ్‌స్కీ ప్రతిపాదించారు. ఆ ఊహకు రుజువు ప్రకాశపు పరిమాణం నుంచి రాలేదు, కాలం నుంచి వచ్చింది. 1970 డిసెంబర్ 12న కెన్యా తీరం నుంచి ఎగిరిన ఉహురు ఉపగ్రహం, సెంటారస్ ఎక్స్-3 అనే మూలం 4.8 సెకన్లకోసారి మినుకుతోందని చూపింది. ఆ మినుకులు ఒకసారి ముందుగా, ఒకసారి ఆలస్యంగా, సుమారు 40 సెకన్ల అటూ ఇటూగా 2.1 రోజుల క్రమంలో చేరుతున్నాయని, అదే క్రమంలో మూలం కొంతసేపు పూర్తిగా కనుమరుగవుతోందని ఆ తర్వాత తేలింది. ఇందులో మూడు విషయాలు ఒక్కసారిగా నిర్ధారణ అయ్యాయి. వెలుగిచ్చే వస్తువు తన చుట్టూ తాను తిరుగుతోంది. అది మరో తార చుట్టూ 40 కాంతి సెకన్ల వ్యాసార్ధపు కక్ష్యలో తిరుగుతోంది. ఆ తార దాన్ని కప్పేంత పెద్దది.

ఆ తర్వాతి ఘట్టాలను త్వరగా చెప్పుకోవచ్చు. 1975–76లో ఎక్స్-కిరణ విస్ఫోటనాలు బయటపడ్డాయి. 1985లో యూరప్ ఉపగ్రహం ఎక్సోశాట్ జీఎక్స్ 5-1 మూలంలో అర్ధ ఆవర్తన డోలనాలను, అంటే దాదాపు క్రమంగా వచ్చినా కాలం కొద్దిగా మారుతుండే హెచ్చుతగ్గులను, చూసింది. 1995 డిసెంబర్ 30న ఎగిరిన అమెరికా ఉపగ్రహం రాసీ ఎక్స్-కిరణ కాల అన్వేషిణి, పేరులో ఉన్నట్టే, మిల్లీసెకను స్థాయి మార్పులను వెలికితీసింది. జియకోనీకి 2002లో నోబెల్ బహుమతి లభించింది.

భ్రమణ గడియారం: స్పందనలు (చూ. పల్సార్)

బలమైన అయస్కాంత క్షేత్రమున్న న్యూట్రాన్ తార దగ్గరికి డిస్క్ పూర్తిగా చేరలేదు. కొన్ని వేల కిలోమీటర్ల దూరంలోనే క్షేత్రం వాయువును పట్టి అయస్కాంత ధ్రువాల వైపు మళ్ళిస్తుంది. ధ్రువాల దగ్గర కిలోమీటరు స్థాయి వేడి మచ్చలు ఏర్పడతాయి. భ్రమణాక్షం, అయస్కాంతాక్షం ఒకే గీత మీద ఉండవు కాబట్టి ఆ మచ్చలు మనవైపు తిరిగినప్పుడల్లా ప్రకాశం పెరుగుతుంది. ఈ పెరుగుదలే స్పందన, ఇలా స్పందించే తార పల్సార్. హెర్క్యులిస్ ఎక్స్-1కు ఈ కాలం 1.24 సెకన్లు, వేలా ఎక్స్-1కు సుమారు 283 సెకన్లు.

ఇక్కడ గమనించవలసింది, స్పందనలో ప్రకాశం రెట్టింపు అయినా పుట్టే శక్తి రవ్వంత కూడా మారదు. మారేది మనవైపు తిరిగిన ముఖం. అయితే ఈ గడియారం పూర్తిగా జడమైనది కాదు. పడే వాయువు తన కోణీయ ద్రవ్యవేగాన్ని తారకు ఇస్తుంది, లేదా డిస్క్ వెలుపలి భాగం క్షేత్రం ద్వారా తారను వెనక్కి లాగుతుంది. అందువల్ల స్పందన కాలంలో సంవత్సరాల తరబడి వచ్చే చిన్న తేడాలు, ప్రకాశంతో నిమిత్తం లేకుండా, ఎంత వాయువు ఏ తీరున చేరుతోందో స్వతంత్రంగా చెబుతాయి.

ఈ సూత్రం చివరికి ఎక్కడికి పోతుందో ముందుగా ఊహించినవారిలో బెంగళూరు శాస్త్రవేత్తలు ఉన్నారు. 1982లో సెకనుకు 642 సార్లు తిరిగే రేడియో పల్సార్ దొరికినప్పుడు, జంటలో కోట్ల ఏళ్ళు వాయువును అందుకుంటూ వేగం పుంజుకున్న పాత న్యూట్రాన్ తారే అదని రామన్ పరిశోధనా సంస్థకు చెందిన వి. రాధాకృష్ణన్, జి. శ్రీనివాసన్ అదే ఏడాది వాదించారు. విదేశాల్లోనూ అదే సమయంలో అదే ప్రతిపాదన వచ్చింది. దానికి ప్రత్యక్ష సాక్ష్యం 1998లో దొరికింది. ఎస్‌ఏఎక్స్ జే1808.4-3658 అనే చిన్న జంటలో, వాయువు పడుతూ ఉండగానే, సెకనుకు 401 ఎక్స్-కిరణ స్పందనలు కనిపించాయి. దాని కక్ష్యా కాలం సుమారు రెండు గంటలు.

కప్పే గడియారాలు: గ్రహణాలు, మసకలు, 35 రోజుల చక్రం

కక్ష్యాతలం దాదాపు అంచు వైపు నుంచి మనకు కనిపిస్తుంటే తోడు తార ప్రతి చుట్టులోనూ న్యూట్రాన్ తారను కప్పుతుంది. ఈఎక్స్ఓ 0748-676లో 3.82 గంటలకోసారి సుమారు ఎనిమిది నిమిషాల గ్రహణం పడుతుంది. మొదలు, ముగింపు సెకన్లలో జరిగిపోతాయి. వెలుగిచ్చే చోటు ఎంత చిన్నదో ఆ వేగమే చెబుతుంది. గ్రహణాలతో పాటు కొన్ని జంటల్లో మసకలు కూడా కనిపిస్తాయి. తోడు నుంచి వచ్చే ధార డిస్క్ అంచును తాకే చోట వాయువు ఉబ్బి, అప్పుడప్పుడు మన చూపుకు అడ్డు వస్తుంది. తక్కువ శక్తి కిరణాలను వాయువు ఎక్కువగా మింగుతుంది కాబట్టి మసకలో మిగిలిన వెలుగు సగటున ఎక్కువ శక్తి గలదై ఉంటుంది. ఘనమైన తార కప్పితే అన్ని శక్తులూ ఒక్కసారే పోతాయి. గడియారం ఒకటే అయినా కప్పిన వస్తువు ఏదో శక్తి వర్ణపటం విడమరచి చెబుతుంది.

ఈ విభాగంలో అన్నిటికంటే విలువైన ఉదాహరణ హెర్క్యులిస్ ఎక్స్-1. దానికి 1.24 సెకన్ల భ్రమణం, 1.7 రోజుల కక్ష్యతో పాటు మూడో చక్రం ఉంది. సుమారు 35 రోజుల్లో పదిరోజులకు పైగా అది దేదీప్యంగా వెలిగి, ఆ తర్వాత బాగా తగ్గి, మధ్యలో మరోసారి కొద్దిగా పుంజుకుని, మళ్ళీ తగ్గుతుంది. ప్రకాశపు రేఖను మాత్రమే చూసినవారు వాయువు సరఫరా 35 రోజులకోసారి ఆగిపోతోందని అనుకోవడం సహజం. ఆ ఊహను తోడు తార ఖండిస్తుంది. ఎక్స్-కిరణాలు పడే ముఖం వేడెక్కడం వల్ల ఆ తార దృశ్య కాంతిలో 1.7 రోజుల క్రమంలో హెచ్చుతగ్గులకు లోనవుతుంది. మనకు ఎక్స్-కిరణాలు దాదాపు అందని రోజుల్లో కూడా ఆ వేడిమి చెక్కుచెదరదు. అంటే మూలం వెలుగుతూనే ఉంది, తోడు తారకు ఆ వెలుగు అందుతూనే ఉంది. వంపు తిరిగిన డిస్క్ ఒకటి మెల్లగా దిశ మార్చుకుంటూ మన చూపుకు మాత్రమే అడ్డుపడుతోంది. 1999లో ఎక్స్-కిరణాలు చాలాకాలం పాటు మసకబారినప్పుడు కూడా ఈ పరీక్షే అది నిజమైన ఆరిపోవడం కాదని తేల్చింది. మరోవైపు, పాత ఛాయాచిత్ర ఫలకాలను తిరగేసినప్పుడు, గత శతాబ్దంలో కొన్నేళ్ళ పాటు ఆ వేడిమి కూడా కనిపించని కాలాలు ఉన్నట్టు తేలింది. ఆ కాలాల్లో వెలుగు నిజంగానే ఆగింది. ఒకే జంటలో రెండు రకాల మసకలు, వాటిని వేరు చేసే స్వతంత్ర సాక్షి ఉండటం వల్ల, కనిపించే ప్రకాశానికీ పుట్టే శక్తికీ మధ్య దూరం ఎంత ఉండవచ్చో హెర్క్యులిస్ ఎక్స్-1 చూపినంత స్పష్టంగా మరే మూలమూ చూపలేదు.

ఎల్‌ఎంసీ ఎక్స్-4కు ఇలాంటి చక్రం దాదాపు 30 రోజులు. ఎస్‌ఎంసీ ఎక్స్-1కు అది 40 నుంచి 60 రోజుల మధ్య ఊగిసలాడుతుంది. ఖచ్చితత్వం లేకపోవడం ఇక్కడ ఆధారమే. కక్ష్య ఇలా సాగి ముడుచుకోదు, వాయు డిస్క్ మాత్రమే అలా చేయగలదు.

సరఫరా గడియారం: విజృంభణలు

కొన్ని జంటలు నెలలో సంవత్సరాలో నిద్రాణంగా ఉండి ఒక్కసారిగా వేలరెట్లు ప్రకాశిస్తాయి. ఇక్కడ మారేది నిజంగా పడే వాయువు పరిమాణమే. భారీ తోడున్న జంటల్లో దీని తీరు సులభంగా అర్థమవుతుంది. వేగంగా తిరిగే బీ రకం తార చుట్టూ వాయు వలయం ఉంటుంది. సాగిన కక్ష్యలో న్యూట్రాన్ తార ఆ వలయానికి దగ్గరైనప్పుడల్లా మామూలు విజృంభణ వస్తుంది. 1975లో కనుగొన్న ఏ 0535+26లో ఇది 111 రోజుల కక్ష్యను అనుసరిస్తుంది. వలయం బాగా పెరిగినప్పుడు వచ్చే మహా విజృంభణలు ఆ లెక్కకు లొంగవు.

చిన్న తోడున్న జంటల్లో కారణం డిస్క్‌లోనే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు డిస్క్‌లో హైడ్రోజన్ తటస్థంగా ఉండి స్నిగ్ధత తక్కువగా ఉంటుంది, వాయువు పోగవుతుంది. వేడి పది వేల డిగ్రీల దరిదాపులకు చేరగానే హైడ్రోజన్ అయనీకరణం చెంది స్నిగ్ధత పెరిగి, పోగైనదంతా వారాల తరబడి లోపలికి జారుతుంది. పుట్టిన ఎక్స్-కిరణాలు డిస్క్‌ను తిరిగి వేడి చేసి విజృంభణను పొడిగిస్తాయి. సుమారు ఏడాదికోసారి విజృంభించే అక్విలా ఎక్స్-1, 1969లోనూ 1979లోనూ మాత్రమే వెలిగిన సెంటారస్ ఎక్స్-4 ఈ వర్గానివి. కొన్ని అయస్కాంత తారల్లో విజృంభణ చివర ప్రకాశం నిటారుగా పడిపోతుంది. తిరిగే క్షేత్రం పలుచబడిన వాయువును లోపలికి రానివ్వక విసిరికొట్టడమే ఇందుకు కారణమని ఇల్లారియోనొవ్, సున్యాయెవ్ 1975లో వేసిన లెక్కతో ఇది సరిపోతుంది.

ఉపరితలపు గడియారం: విస్ఫోటనాలు (చూ. కేంద్రక సంలీనం)

1975లో నెదర్లాండ్స్ ఉపగ్రహం ఏఎన్‌ఎస్, ఎన్‌జీసీ 6624 అనే గోళాకార తారాగుచ్ఛంలోని 4యూ 1820-30 నుంచి కొన్ని సెకన్ల పాటు సాగే మెరుపులను నమోదు చేసింది. ఒక సెకనులో ఎగసి, పది నుంచి వంద సెకన్లలో చల్లారి, గంటల తర్వాత మళ్ళీ వచ్చే ఈ మెరుపుల వందకు పైగా మూలాలు ఇప్పుడు తెలుసు. పడిన హైడ్రోజన్, హీలియం తార ఉపరితలం మీద కొన్ని మీటర్ల పొరగా పేరుకుంటాయి. అడుగున ఒత్తిడి, వేడి ఒక హద్దు దాటగానే, పొయ్యి మీద అంతసేపూ నిమ్మళంగా ఉన్న పాలు ఒక్కసారి పొంగినట్టు, పొర మొత్తం సెకన్లలో మండిపోతుంది.

ఈ వివరణను నమ్మడానికి కారణం పోలిక కాదు, లెక్క. పొర తయారవుతున్న గంటల్లో ఆ వాయువు పడటం వల్ల స్థిర ప్రకాశం వస్తుంది. అదే వాయువు మండటం వల్ల మెరుపు వస్తుంది. మొదటి మొత్తాన్ని రెండోదానితో భాగిస్తే, హైడ్రోజన్ కలిసిన ఇంధనానికి నిష్పత్తి కొన్ని పదుల్లో, శుద్ధ హీలియంకు వందకు పైగా ఉండాలి. హీలియం మండితే న్యూక్లియాన్‌కు వచ్చే శక్తి హైడ్రోజన్ ఇచ్చేదానిలో నాలుగో వంతే కాబట్టి ఈ తేడా. కొలతల్లో వచ్చేవి సరిగ్గా ఈ సంఖ్యలే. ఎంత క్రమంగా మెరుస్తుందో చూసి గడియారపు విస్ఫోటకమని పేరు పెట్టిన జీఎస్ 1826-24లో నిష్పత్తి 40 దగ్గర నిలిచింది. అంతేకాదు, వాయువు చేరే వేగం పెరిగేకొద్దీ దాని మెరుపుల మధ్య వ్యవధి తగ్గుతూ వచ్చింది. పొర త్వరగా నిండితే త్వరగా మండాలి కదా. చల్లారే దశలో వర్ణపటం నుంచి లెక్కించిన వ్యాసార్ధం పది కిలోమీటర్ల స్థాయిలో ఉండటం మరో సాక్ష్యం. కృష్ణబిలానికి పొర పేరుకోవడానికి ఉపరితలమే లేదు. కాబట్టి ఇలాంటి మెరుపు ఒక్కటి కనిపించినా ఆ వస్తువు న్యూట్రాన్ తార అని నిర్ధారించవచ్చు.

అతివేగ డోలనాలు

1996లో స్కార్పియస్ ఎక్స్-1లోనూ 4యూ 1728-34లోనూ సెకనుకు వందల నుంచి వెయ్యికి పైగా డోలనాలు, తరచు జంటగా, కనిపించాయి. న్యూట్రాన్ తార అంచున తిరిగే వాయువు కక్ష్యా వేగం ఈ స్థాయిలోనే ఉంటుంది. 1.4 సౌర ద్రవ్యరాశికి ఐన్‌స్టైన్ సిద్ధాంతం అనుమతించే చిట్టచివరి స్థిర కక్ష్యలో అది సెకనుకు సుమారు 1,570 చుట్లు. అందుకే వీటిని డిస్క్ లోపలి అంచు సంకేతంగా భావిస్తారు. జంట డోలనాల మధ్య తేడా తార భ్రమణ వేగానికి సమానమని తొలినాళ్ళలో అనుకున్నారు. ప్రకాశంతో పాటు ఆ తేడా కూడా మారుతోందని కొలతలు చూపడంతో ఆ సరళమైన సమీకరణం నిలవలేదు. ఈ డోలనాల అసలు యాంత్రికత మీద ఏకాభిప్రాయం ఇంకా లేదు.

ఆక్షేపణలు, సమాధానాలు

గడియారాన్ని బట్టి కారణాన్ని గుర్తించాలన్న పద్ధతి మీద బలమైన ఆక్షేపణ 1976 నుంచే ఉంది. లిల్లర్ 1 తారాగుచ్ఛంలోని త్వరిత విస్ఫోటకం ఒక్కోసారి సెకన్లు, నిమిషాల తేడాలో వరుసగా మెరుస్తుంది. పొర పేరుకోవడానికి అంత తక్కువ సమయం చాలదు. అదే మూలం మధ్యమధ్య మామూలు కేంద్రక మెరుపులను కూడా ఇస్తుంది. ఒకే కాలవ్యవధి, రెండు కారణాలు. కాలమొక్కటే చాలదన్న మాట నిజమే. అందుకే పైన రెండో ప్రశ్నగా శక్తిని ఉంచవలసి వచ్చింది. కేంద్రక మెరుపు చల్లారుతూ ఆరుతుంది, ఈ త్వరిత మెరుపులు చల్లారకుండానే ఆగుతాయి. పైగా మెరుపు ఎంత పెద్దదైతే తర్వాతిదానికి అంత ఎక్కువసేపు ఆగాలి. ఇది పోగైన వాయువు విడతలుగా కూలే గుణం, మండే గుణం కాదు. 1978 నాటికి ఈ విభజన స్థిరపడింది.

రెండో ఆక్షేపణ ఇంకా లోతైనది. ప్రకాశం పెరిగితే వాయువు ఎక్కువ పడుతోందని, తార వేగం పుంజుకోవాలని సిద్ధాంతం చెబుతుంది. 7.7 సెకన్లకోసారి స్పందించే 4యూ 1626-67 1990 వరకు వేగం పుంజుకుంటూ, 1990 నుంచి తగ్గుతూ, 2008లో మళ్ళీ పుంజుకోవడం మొదలుపెట్టి, 2023లో తిరిగి తగ్గుదలకు మళ్ళింది. జీఎక్స్ 1+4లోనైతే వేగం తగ్గుతున్న కాలంలో ప్రకాశం పెరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. కాబట్టి ప్రకాశాన్ని వాయువు పరిమాణానికి కొలబద్దగా తీసుకోవడం చెల్లదని కొందరంటారు. ఈ వ్యాసం దాన్ని అంగీకరిస్తుంది, అయితే అది గడియారాలకు వ్యతిరేకమైన సాక్ష్యం కాదు. ప్రకాశపు పరిమాణం తప్పుదారి పట్టించగలదని మనకు తెలిసిందే స్పందన కాలాన్ని దశాబ్దాల తరబడి కొలిచినందువల్ల. వాయువు ఏ దిశలో తిరుగుతూ చేరుతోంది, డిస్క్ ఎక్కడ ఆగుతోంది అన్న ప్రశ్నలు అలా పుట్టినవే.

మూడోది పరికరాలకు సంబంధించినది. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం సుమారు గంటన్నరకోసారి భూమి చాటుకు వెళ్తుంది. ఆ ఖాళీలు లెక్కలో దొంగ చక్రాలను సృష్టించగలవు. ఈ భయం సహేతుకమైనదే. ఎక్సోశాట్‌ను దాదాపు 90 గంటల సాగిన కక్ష్యలో ఉంచడం వల్ల గంటల స్థాయి మార్పులు తెగకుండా అందాయి. మిగిలిన ఉపగ్రహాల విషయంలో, దొరికిన చక్రం ఉపగ్రహ కక్ష్యకు, దాని గుణిజాలకు దగ్గరగా ఉంటే మరో ఉపగ్రహంతో సరిచూసేదాకా దాన్ని నమ్మరు. నాలుగో ఆక్షేపణ, ఏ గడియారానికీ అందని క్రమరహిత మిణుకు ప్రతి మూలంలోనూ ఉందన్నది. దీనికి పూర్తి సమాధానం లేదు. అయితే అయస్కాంత పల్సార్లలో ఆ మిణుకు ఒక పౌనఃపున్యం దాటాక హఠాత్తుగా బలహీనపడుతుందని, ఆ హద్దు డిస్క్ లోపలి అంచు కక్ష్యా వేగంతో సరిపోతుందని తేలింది. క్రమం లేని మార్పుకు కూడా అంచులు గడియారమే గీస్తోంది.

పరికరాలు: హైదరాబాద్ బెలూన్ల నుంచి కె.ఆర్.పురం తూర్పు దాకా (చూ. ఆస్ట్రోశాట్, ఎక్స్‌పోశాట్)

భారతదేశంలో ఈ పరిశీలనలకు తొలి కేంద్రం హైదరాబాద్. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండటంతో అక్కడ కాస్మిక్ కిరణాల గోల తక్కువ. 1960ల చివర నుంచి టాటా మౌలిక పరిశోధనా సంస్థ అక్కడి నుంచి బెలూన్లను దాదాపు 40 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన కిరణాలు ఆ ఎత్తులో అందుతాయి. 1990ల ఆరంభంలో జీనాన్ వాయు కౌంటర్లతో జీఎక్స్ 1+4ను కూడా అలాగే పరిశీలించారు. బెలూన్ గాలిలో ఉండేది గంటలే, చిన్న గడియారాలు మాత్రమే దానికి చిక్కుతాయి. 1975 ఏప్రిల్ 19న ఎగిరిన ఆర్యభటలో ఎక్స్-కిరణ పరికరం ఉన్నా, విద్యుత్ సమస్యతో కొద్దిరోజులకే ఆగిపోయింది. 1996 మార్చి 21న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఐఆర్‌ఎస్-పీ3లోని కౌంటర్లు 4యూ 1907+09 వంటి పల్సార్ల స్పందనలను కొలిచి, తర్వాతి దశకు పునాది వేశాయి.

ఆ దశ ఆస్ట్రోశాట్. 1,515 కిలోల ఈ ఉపగ్రహం 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మీద వెళ్ళి, 650 కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖకు 6 డిగ్రీల వాలులో చేరింది. అందులోని జీనాన్ కౌంటర్లు 3 నుంచి 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలను 10 మైక్రోసెకన్ల ఖచ్చితత్వంతో నమోదు చేస్తాయి. 4యూ 1728-34లో అతివేగ డోలనాలను, ఒక విస్ఫోటనం మధ్యలో సెకనుకు 363 చొప్పున వచ్చే భ్రమణ స్పందనను ఈ కౌంటర్లే చూపాయి. వాయువు కక్ష్యా గడియారం, ఉపరితలపు గడియారం, భ్రమణ గడియారం మూడూ ఒకే మూలంలో దొరికిన సందర్భమిది.

ఈ ఉపగ్రహానికి బెంగళూరు తూర్పు అంచుతో ప్రత్యక్ష సంబంధం ఉంది. కె.ఆర్.పురం నుంచి ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద తూర్పుకు సాగితే హోస్కోటె వస్తుంది. అక్కడ శిడ్లఘట్ట దారిలో భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన క్రెస్ట్ ప్రాంగణం ఉంది. ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత దూరదర్శినిని అక్కడి ఎం.జి.కె. మేనన్ ప్రయోగశాలలో కూర్చి పరీక్షించారు. ఒకే జంటను ఎక్స్-కిరణాల్లోనూ అతినీలలోహితంలోనూ ఒకేసారి చూడటం, మూలం ఆరిందా, కప్పబడిందా అన్న ప్రశ్నకు తోడు తార, డిస్క్ వేడిమి ద్వారా జవాబు వెతికే మార్గం. హెర్క్యులిస్ ఎక్స్-1 నేర్పిన పాఠాన్ని పరికరంగా మలచినట్టే ఇది. లద్దాఖ్‌లోని హాన్లేలో సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర దూరదర్శినిని కూడా ఉపగ్రహ సంబంధంతో ఈ ప్రాంగణం నుంచే నడుపుతారు. బీ రకం తారల వాయు వలయం హైడ్రోజన్ రేఖలో ఇచ్చే వెలుగును దానితో కొలిస్తే, వలయం పెరుగుతోందా, తరుగుతోందా అన్నది విజృంభణకు ముందే అంచనా వేయవచ్చు.

2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఎక్స్‌పోశాట్ ఈ వరుసలో కొత్తది. దాని రెండు పరికరాలూ బెంగళూరువే. 8 నుంచి 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య ధ్రువణాన్ని కొలిచే పోలిక్స్ రామన్ పరిశోధనా సంస్థలో, వర్ణపటాన్ని దీర్ఘకాలం గమనించే ఎక్స్‌స్పెక్ట్ యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రంలో రూపొందాయి. ధ్రువణం ఎందుకు కావాలంటే, స్పందన ఆకారం ఒక్కదాన్నే చూసి కిరణాలు ధ్రువం నుంచి నిటారుగా వస్తున్నాయా, పక్కలకు విస్తరిస్తున్నాయా అని చెప్పలేం. రెండు నమూనాలూ ఒకే ప్రకాశ రేఖను ఇవ్వగలవు. భ్రమణంతో పాటు ధ్రువణ కోణం మారే తీరు మాత్రం రెండిట్లో ఒకటి కాదు. 2021 డిసెంబర్‌లో ఎగిరిన అమెరికా–ఇటలీ ఉపగ్రహం ఐఎక్స్‌పీఈ 2–8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పరిధిలో హెర్క్యులిస్ ఎక్స్-1ను చూసినప్పుడు సగటు ధ్రువణం పది శాతం లోపే వచ్చింది. పాత సిద్ధాంతాలు ఊహించినది దానికి ఎన్నో రెట్లు. అంతకంటే ఎక్కువ శక్తుల్లో ఏం జరుగుతుందో చూడగలగడం పోలిక్స్ ప్రత్యేకత. లోపలి లోహపు దిమ్మె మీద చెదిరిన ఫోటాన్లను మాత్రమే అది లెక్కిస్తుంది కాబట్టి, ఉపగ్రహం తన చూపు అక్షం మీద నెమ్మదిగా తిరుగుతూ ఒక్కో మూలాన్ని వారాల తరబడి గమనించాలి. అలా పోగైన ఫోటాన్లను స్పందన దశల వారీగా వేరు చేయాలంటే, కక్ష్య వల్ల వచ్చే ముందువెనకలను సరిచేసిన భ్రమణ కాలం ఆ వారాలన్నిటా సెకనులో అతి చిన్న భాగం వరకూ తెలిసి ఉండాలి.